చెప్పుల పెట్టెలో కార్డులకి వెబ్‌సైటు కట్టిన విధానం

మా అటక మీద చెప్పుల అట్టపెట్టెలో 214 కార్డులు ఉండేవి. 1981 నుంచి నేను పోగేసినవి. షార్ట్ వేవ్ రేడియోలో ఏదో దేశపు స్టేషన్ పట్టుకోవడం, విన్నదంతా ఉత్తరంలో రాసి పంపడం, "అవును, మీరు విన్నది మమ్మల్నే" అని వాళ్లు అచ్చేసిన కార్డొకటి పంపడం. ఆ కార్డుని క్యూఎస్ఎల్ అంటారు. 'మీ కబురు అందింది' అని చెప్పడానికి వైర్‌లెస్ వాళ్లు వాడే మూడక్షరాల సంకేతం అది. ఈ సరదా పేరు డీఎక్సింగ్. ఒకప్పుడు తెనాలిలో ఈ పిచ్చి ఉన్నవాళ్లం నాకు తెలిసి నలుగురం. ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను.

"ఏమండీ, చెదలు పట్టేలోగా ఆ పెట్టె సంగతేదో తేల్చండి" అంది మా ఆవిడ. తేల్చడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు ఆ కార్డులన్నీ ఒక చిన్న వెబ్‌సైటులో ఉన్నాయి. నేను బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషిని, కంప్యూటర్ చదువు చదవలేదు. మీ దగ్గర కూడా ఇలాంటి పెట్టె ఏదైనా ఉంటే, అందులో స్టాంపులున్నా, పాత బస్సు టికెట్లున్నా, అత్తగారి ముగ్గుల నోటుబుక్కున్నా, నేను చేసిన పనీ పడ్డ తిప్పలూ మీకు ఉపయోగపడొచ్చు.

ముందు మా మేనల్లుడు అడిగిన ప్రశ్న. "సైటెందుకు మావయ్యా, గ్రూపులో పెట్టేస్తే పోలా?" పెట్టి చూశానురా అన్నాను. పొద్దున్నే ఒక కార్డు ఫొటో పెడితే మధ్యాహ్నానికి నలభై బొటనవేళ్లు వచ్చాయి. సాయంత్రానికి గుడ్ మార్నింగ్ పువ్వుల కింద పడిపోయింది. మూడు నెలల తర్వాత ఎవరో ఆ కార్డు గురించే అడిగితే, పెట్టినవాణ్ణి నేనే గంటసేపు వెతికి దొరకబుచ్చుకోలేకపోయాను. అక్కడ అన్నీ ఒకటే వరసలో ఉంటాయి, కొత్తది పైన, పాతది కింద. నాకు కావలసింది ఆ వరస కాదు. ఏ స్టేషన్లు ఇంకా బతికున్నాయి, ఏవి మూగబోయాయి, ఏవి మా డాబా మీద వానాకాలంలోనే వినిపించేవి, ఈ వరసల్లో నా కార్డులు పేర్చుకోవాలి. అలా పేర్చుకునే వీలు సొంత సైటులో తప్ప ఇంకెక్కడా లేదు. సొంత సైటు మీద నా మోజంతా అందుకే.

విషయాన్ని కోసెయ్యండి

నేను మొదట పెట్టుకున్న పేరు 'రేడియో చరిత్ర'. మూడో పేజీకే చేతులెత్తేశాను. మార్కోనీ గురించి నేను రాసేది ఎన్‌సైక్లోపీడియాలో నాకన్నా బాగా ఉంది. ఆ పేరు కొట్టేసి 'తెనాలిలో మా డాబా మీద వినిపించినవి' అని పెట్టాను. అప్పటి నుంచి పెన్ను ఆగలేదు.

మీరూ అంతే చెయ్యండి. 'నాణేలు' అని కాదు, 'మా నాన్నకి కిళ్లీకొట్టు గల్లాపెట్టెలో దొరికిన నాణేలు' అనుకోండి. ఇంకో పుస్తకం తెరవకుండా, ఎవరినీ అడక్కుండా, పది పేజీలకు సరిపడా మాట్లాడగలరా? అయితే అది మీ కొలతకి సరిపోయిన విషయం. మరీ చిన్నదైపోయిందేమో అని బెంగ పెట్టుకోకండి. ఇంత చిన్న విషయం మీద ఇంకెవరూ రాసి ఉండరు కాబట్టే, దాన్ని వెతికే ఆ ముగ్గురూ మీ దగ్గరికే వస్తారు.

కంప్యూటర్ ముట్టుకునే ముందు చాప పరచండి

నిజంగానే చాప. నేను హాల్లో రెండు చాపలు పరిచి 214 కార్డులూ వాటి మీద పేర్చాను. రెండు రోజులు ఫ్యాన్ వెయ్యనివ్వలేదు. మా ఆవిడ ఆ రెండు రోజులూ వంటింట్లోనే భోంచేసింది.

మొదట దేశాల వారీగా పేర్చాను, బాగాలేదు. స్టాంపుల ఆల్బంలా ఉంది. తర్వాత సంవత్సరాల వారీగా పెట్టాను, అది డైరీలా ఉంది. మూడోసారి, ఇప్పుడు మాట్లాడుతున్న స్టేషన్లు ఒక చాప మీద, నోరు మూసుకున్నవి రెండో చాప మీద వేశాను. రెండో చాప నిండిపోయింది. దాని ముందు కూర్చుని చాలాసేపు లేవలేదు.

అందులో రేడియో బెర్లిన్ ఇంటర్నేషనల్ ఉంది. తూర్పు జర్మనీ దేశపు గొంతు అది. రెండు జర్మనీలూ కలిసిపోయే ముందు రోజు, 1990 అక్టోబరు 2న, దేశంతో పాటే ఆగిపోయింది. హిల్వర్సమ్ నుంచి వచ్చే రేడియో నెదర్లాండ్స్ ఉంది, 2012లో షార్ట్ వేవ్ మానేసింది. రేడియో ఆస్ట్రేలియా ఉంది, కూకబుర్రా అనే పిట్ట నవ్వుతో మొదలయ్యేది. మా అబ్బాయి చిన్నప్పుడు ఆ నవ్వు కోసమే నా పక్కన కూర్చునేవాడు. 2017 జనవరి 31తో దాని షార్ట్ వేవ్ కూడా అయిపోయింది. చాప మీద అలా పేర్చేదాకా నా దగ్గర ఉన్నది ఇదని నాకే తెలియలేదు. సైటు మొదటి పేజీ ఏమిటో అక్కడే తేలిపోయింది: రెండు తలుపులు, 'పలుకుతున్నవి', 'మూగబోయినవి'. అంతే.

కాబట్టి వస్తువులన్నీ నేల మీద పెట్టి కనీసం మూడు రకాలుగా పేర్చి చూడండి. ఏ వరస చూస్తే మీకే కొత్త సంగతి తెలుస్తుందో ఆ వరసే మీ సైటు.

ఒక్కో వస్తువుకీ ఒక్కో పేజీ

కొత్తవాళ్లు చేసే తప్పేమిటంటే, యాభై ఫొటోలు ఒకే పేజీలో కుక్కి కింద 'నా కలెక్షన్' అని రాయడం. ఫొటో ఒక్కటే ఉంటే చూసేవాడు అరక్షణం చూసి పోతాడు. దాని వెనక ఉన్నది మీకే తెలుసు, అది రాయాలి.

డీఎక్సింగ్‌లో మాకో సదుపాయం ఉంది. స్టేషన్‌కి పంపే రిసెప్షన్ రిపోర్టుకి ఒక పద్ధతుంది: తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, విన్న కార్యక్రమం వివరాలు, తర్వాత సిన్పో. సిన్పో అంటే ఐదంకెలు. సిగ్నల్ బలం, పక్క స్టేషన్ల జోక్యం, గరగర, సిగ్నల్ ఎక్కి దిగడం, మొత్తం మీద ఎలా ఉంది అనే ఐదింటికీ ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. 34333 అంటే ఫరవాలేదు, ఓపిక పడితే వినొచ్చు అని. 55555 వచ్చిన రోజు మా నలుగురిలో ఎవరైనా సరే మిగతా ముగ్గురికీ టీ ఇప్పించాల్సిందే.

ఈ వివరాలన్నీ నా పాత లాగ్‌బుక్కులో ఉన్నాయి. వాటిని ఎత్తి రాస్తే పేజీకి సగం పని అయిపోయింది. మిగతా సగం ఆ రాత్రి ఏం జరిగిందన్నది. బెర్లిన్ కార్డు పేజీలో ఇలా రాసుకున్నాను: "1986, భోగి రాత్రి. 31 మీటర్ల బ్యాండు. సిన్పో 34333. మంచు బాగా కురుస్తోంది. ఏరియల్ తీగ ఒక కొస కొబ్బరి చెట్టుకీ ఒక కొస నీళ్ల ట్యాంకుకీ కట్టాను. కింద భోగిమంట కోసం పిల్లలు మా నిచ్చెన పట్టుకుపోయారు, డాబా మీద ఇరుక్కుపోయాను. ఆ ఇరుక్కుపోవడం వల్లే ఈ కార్డు వచ్చింది." నాకొచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ నిచ్చెన గురించే.

మీ వస్తువుకీ ఇలాంటి నాలుగు గళ్లు పెట్టుకోండి: ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేతికొచ్చింది, ఎంత పెట్టారు. ముగ్గులైతే ఎన్ని చుక్కలు, ఎన్ని వరసలు, సందు చుక్కా ఎదురు చుక్కా, ఎవరు నేర్పారు. గళ్లు అన్ని పేజీల్లోనూ ఒకేలా ఉండాలి. కింద కథ మాత్రం ఎలా వస్తే అలా రానివ్వండి. ఒక కార్డుకి నాకు రెండు ముక్కలే గుర్తున్నాయి, రెండు ముక్కలే రాశాను.

కొన్ని పేజీలు వస్తువు లేకుండా కూడా రాయొచ్చు. విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ పగలంతా మా ఊళ్లో అరటిపండు ఒలిచి పెట్టినట్టు వినిపించేది, రాత్రయ్యేసరికి దాని చుట్టూ పరాయి భాషలు మూగేవి. పగటి ఎండకి ఆకాశంలో కింది పొర ఒకటి ఏర్పడి మీడియం వేవ్‌ని మింగేస్తుంది. పొద్దుగూకితే ఆ పొర పోతుంది. దాంతో దూరపు స్టేషన్ల తరంగాలు పైపొరకి తగిలి వందల కిలోమీటర్ల అవతల వచ్చి దిగుతాయి. ఈ సంగతి పుస్తకాల్లో ఉన్నదే, కానీ మా డాబా మీద అది ఏ గంటకి మొదలయ్యేదో నా దగ్గర తప్ప ఎక్కడా లేదు.

స్కానింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేసి ఆ పెద్ద ఫైలు ఇంట్లో దాచుకోండి. సైటుకి వెయ్యి పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించిన కాపీ చాలు, బొమ్మ 150 కేబీ లోపే ఉంటుంది. నా 214 కార్డులూ కలిపి ముప్ఫై రెండు ఎంబీ దాటలేదు. స్కానర్ లేకపోతే ఫోను చాలు, మధ్యాహ్నం కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా తీయండి. ఒక్క జాగ్రత్త: కార్డు వెనక మీ ఇంటి అడ్రసు ఉంటుంది. దాని మీద తెల్లకాగితం ముక్క పెట్టి స్కాన్ చెయ్యండి. నేను ముప్ఫై కార్డులు ఎక్కించాక గానీ గమనించలేదు, అన్నీ దించి మళ్లీ చేశాను. ఎవరో మీకు రాసిన సొంత ఉత్తరాలు మాత్రం వాళ్లని అడక్కుండా పెట్టకండి. టేపుల్లో పాటలున్నా పెట్టకండి, వాటి హక్కులు మనవి కావు.

పేజీ రాయడం, తెలుగుతో వచ్చే చిక్కులు

వెబ్‌పేజీలు రాసే భాష హెచ్‌టీఎమ్ఎల్ అంటే టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే నాకు కావలసినవి నాలుగే గుర్తులు: శీర్షిక, పేరా, బొమ్మ, లింకు. పేరా మొదట్లో కోణపు బ్రాకెట్లలో 'పి', చివర్లో గీతతో కలిపి మళ్లీ 'పి'. కట్టెల మోపుకి రెండు వైపులా తాడు కట్టడం లాంటిదే. మా మేనల్లుడు ఒక ఆదివారం నేర్పాడు, రెండో ఆదివారానికి నేనే తప్పులు పట్టాను. ఒక పేజీ సరిగ్గా వచ్చాక దాన్నే కాపీ చేసి, లోపలి మాటలు మార్చుకుంటూ పోవడమే. 214 పేజీలూ అలాగే చేశాను. డేటాబేసు లేదు, ఏదీ అప్‌డేట్ చెయ్యక్కర్లేదు, అందుకే ఏదీ చెడిపోదు.

తెలుగుకి మాత్రం కొన్ని ప్రత్యేకమైన తలనొప్పులున్నాయి, వాటి మీద కొంచెం ఆగాలి.

2003లో నేను ఒకసారి ఇలాంటి పేజీ పెట్టాను. అప్పట్లో మా డీటీపీ సెంటర్లో కొట్టించిన తెలుగు ఇంకో కంప్యూటర్లో పెడితే పిచ్చి గీతలు కనిపించేవి. అందుకని పేజీని మొత్తం బొమ్మగా చేసి ఎక్కించాం. చూడ్డానికి బాగుంది. కానీ బొమ్మలోని అక్షరాలు అప్పట్లో ఏ సెర్చికీ కనిపించేవి కావు, ఎవరూ రాలేదు. ఇప్పుడు ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్ పద్ధతి ఉంది, ఫోన్లో టైపు చేసినా చాలు. ఫైలు సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ 'యూటీఎఫ్-8' అని ఉందో లేదో చూసుకోండి. పాత కంప్యూటర్లో నేను చూసుకోకుండా 'ఆన్సీ' అని సేవ్ చేస్తే, మర్నాటికి నా తెలుగంతా వరసగా ప్రశ్నార్థకాలైపోయింది. అది తిరిగి రాదు, మళ్లీ టైపు చెయ్యాల్సిందే. పేజీ మొదట్లో కూడా మూడు సంగతులు తప్పకుండా పెట్టండి: ఇది యూటీఎఫ్-8 అని చెప్పే వరస, భాష తెలుగు అని చెప్పే 'టీఈ' గుర్తు, ఫోను తెరకి తగ్గట్టు పేజీ ఇమడమని చెప్పే 'వ్యూపోర్ట్' వరస.

వరసల మధ్య జాగా ఇంగ్లీషు పేజీల్లో ఇచ్చినంత ఇస్తే సరిపోదు. మనకి పైన గుడులు, ఎత్వాలు, కింద వత్తులు. 'స్త్రీ' కింద 'కృష్ణ' వచ్చిందంటే ఒకదాని వత్తు ఇంకోదాని నెత్తి మీద కూర్చుంటుంది. ఈ జాగాని చెప్పే లైన్ హైట్ 1.7 పెట్టాను, అక్షరం 19 పిక్సెళ్లు. నా వయసువాళ్లు కళ్లద్దాలు లేకుండా చదువుతున్నారట. ఫాంటు రామభద్ర, మండలి, మల్లన్న లాంటివి ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకి రామభద్ర బాగుంటుంది, పేరాలకి అది బరువైపోతుంది.

ఫైళ్లకి తెలుగు పేర్లు పెట్టాలని నాకు ఉబలాటంగా ఉండేది. పెట్టాను కూడా. వాట్సాప్‌లో లింకు పంపితే, ఒక్కో తెలుగు గుర్తూ శాతం గుర్తులతో కలిసి తొమ్మిది అక్షరాలై, లింకు మూడు వరసలు సాగింది. మా వదిన "వైరస్ పంపావా?" అని ఫోన్ చేసింది. ఇప్పుడు ఫైలు పేర్లన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెడుతున్నాను. చిన్న అక్షరాలని ఎందుకంటున్నానంటే, మన ఇంటి కంప్యూటర్ పెద్ద 'జె'కీ చిన్న 'జె'కీ తేడా చూడదు, చాలా సర్వర్లు చూస్తాయి. ఇంట్లో కనిపించిన బొమ్మ ఎక్కించాక మాయమైందంటే తొంభై పాళ్లు సంగతి అదే.

ప్రతి బొమ్మకీ దాని వెనక ఒక వాక్యం రాయండి, బొమ్మలో ఏముందో చెబుతూ. చూపు లేనివాళ్ల ఫోను ఆ వాక్యాన్ని చదివి వినిపిస్తుంది. నా సైటు రేడియో గురించి. వాళ్లకి రేడియో ఎంత దగ్గరో నాకు తెలుసు కాబట్టి, నేనిది ఒక్క బొమ్మకీ ఎగ్గొట్టలేదు.

ఎక్కడ పెట్టాలి

నా 2003 పేజీని ఉచితంగా జాగా ఇచ్చిన ఒక కంపెనీ దగ్గర పెట్టాను. చెప్పాపెట్టకుండా మూసేశారు. నా దగ్గర కాపీ లేదు. అది ఒక్క నా కథ కాదు. 1994లో మొదలైన జియోసిటీస్‌లో లక్షల కొద్దీ సరదా పేజీలుండేవి, 2009 అక్టోబరులో అది మూతపడితే కొందరు ఔత్సాహికులు పరిగెత్తి దించుకున్నవే మిగిలాయి.

ఇప్పుడు నియోసిటీస్ అని ఉంది, 2013లో వచ్చింది, ఉచితంగా ఒక జీబీ జాగా ఇస్తుంది. నా లెక్కన ఆరు వేల కార్డులు పడతాయి, అన్ని కార్డులు సంపాదించాలంటే ఇంకో పాతిక జన్మలైనా ఎత్తాలి. ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడే గిట్‌హబ్ వాళ్లూ ఇలాంటి పేజీలకి జాగా ఇస్తారు, కాకపోతే అది నేర్చుకోవడానికి మేనల్లుడు కావాలి. సొంత పేరు కావాలంటే ఏటా కొంత డబ్బు కట్టి డొమైను తీసుకోవచ్చు. జాగా ఎవరిదైనా పేరు మనదైతే, రేపు ఇల్లు మారినా అడ్రసు మారదు. కాపీ మాత్రం మీ దగ్గర ఉండాలి. నాది రెండు పెన్‌డ్రైవుల్లో ఉంది. ఒకటి నా బీరువాలో, ఇంకోటి మా అమ్మాయి దగ్గర. అప్పుడప్పుడు, వెబ్‌పేజీల కాపీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో కూడా నా పేజీల అడ్రసులు ఇచ్చి వాటిని దాయిస్తుంటాను.

ఎవరొస్తారు

మొదటి నెల రోజుకి ఏడుగురు వచ్చేవారు, అందులో ఇద్దరు నేనే. లెక్కపెట్టే మీటరు తీసేశాక మనసు కుదుటపడింది. రేడియో సరదా ఉన్నవాళ్ల సైట్లకి నేను ముందు లింకులు ఇచ్చి, ఇచ్చానని ఒక్క ముక్క రాశాను. కొందరు తిరిగి ఇచ్చారు. ఇంకో చిట్కా ఏమిటంటే, జనం ఏ పేరుతో వెతుకుతారో ఆ పేర్లన్నీ పేజీలో సహజంగా దొర్లేలా చూడండి. ఒకరు 'రేడియో సిలోన్' అంటారు, ఒకరు 'శ్రీలంక రేడియో' అంటారు, మా అమ్మ 'సిలోను' అనేది.

ఈమెయిలు అడ్రసు ప్రతి పేజీ చివరా పెట్టండి. కామెంట్ల పెట్టె నేను పెట్టలేదు, దాన్ని కాపలా కాసే ఓపిక నాకు లేదు. ఉత్తరం రాయాలంటే మనిషి కాస్త శ్రమపడాలి, అందుకే వచ్చినవన్నీ చదవదగ్గవే. మస్కట్ నుంచి ఒకాయన రాశారు: వాళ్ల నాన్నగారు పోయాక ట్రంకుపెట్టెలో అచ్చం నా బెర్లిన్ కార్డు లాంటిదే కనిపించిందట. అదేమిటో తెలియక పాత పేపర్లతో కలిపి పక్కన పెట్టారట. నా పేజీ చూసి పేపర్లవాడు వచ్చేలోగా తీసుకున్నారు.

ఇంకో ఇంజనీరింగ్ కుర్రాడు నా తప్పు పట్టాడు. రిపోర్టుల్లో టైము యూటీసీలో రాస్తాం, అది మనకన్నా ఐదున్నర గంటలు వెనక. తెల్లవారుజామున నాలుగింటికి విన్నదంటే యూటీసీలో ముందు రోజు రాత్రి పదిన్నర. నేను గంటలు మార్చి తేదీ మార్చలేదు. పదిహేడు పేజీల్లో! అన్నీ సరిచేసి, ప్రతి పేజీ అడుగునా 'ఫలానా రోజున సరిదిద్దాను, ఒక పాఠకుడు చెప్పాడు' అని రాశాను. తప్పు దొరికినప్పుడు మీరూ చడీచప్పుడు లేకుండా దిద్దెయ్యకండి, కింద రాయండి. అది చూసే ఇంకొందరు ధైర్యం చేసి రాశారు.

ఆ కుర్రాడికి ఏమివ్వాలో తోచలేదు. చివరికి మా డాబా ఏరియల్ మీద రెండు కాకులు కూర్చున్న ఫొటోతో ఒక కార్డు అచ్చు వేయించాను, వెనక తేదీ, సమయం, యూటీసీలోనే, 'మీ రిపోర్టు సరైనదే' అని రాసి పంపించాను. అప్పట్నుంచి సైటులో తప్పు పట్టినవాళ్లకీ, నాకు తెలియని సంగతి చెప్పినవాళ్లకీ ఆ కార్డు పోస్టులో వెళ్తోంది. ఇప్పటికి తొమ్మిది పంపాను. ఒకటి అడ్రసు సరిపోక తిరిగొచ్చింది. అడ్రసు మీద కాగితం ముక్క పెట్టి స్కాన్ చేసి, దాన్నీ సైటులో ఎక్కించాను, 215వ కార్డుగా.